కుక్క బొమ్మలకు అల్మారా: సర్దడం కంటే ఆరబెట్టడమే అసలు పని

కుక్క నోట్లోంచి వచ్చిన బంతి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అది నీళ్ల తడి కాదు, చొంగ. సాయంత్రం చుట్టాలొస్తున్నారనగానే హాల్లో చెల్లాచెదురుగా పడున్న బంతులు, తాళ్లు, నొక్కితే కీచుమనే బొమ్మలు అన్నీ ఒక్క చేత్తో పోగేసి గోడ అల్మారా కింది అరలోకో, చెప్పుల స్టాండులోకో, టీవీ కింద సొరుగులోకో తోసి తలుపు మూసేయడం చాలా ఇళ్లలో జరిగేదే. హాలు నీటుగా కనిపిస్తుంది. కానీ బూజు, బాక్టీరియా లెక్కలో చూస్తే, ఫ్యాను కింద గచ్చు మీద పడున్న బొమ్మే అలా దాచిన బొమ్మ కంటే నయం. గచ్చు మీది బొమ్మ ఆరిపోతుంది. అల్మారాలోది ఆరదు.

పెంపుడు జంతువుల సామాను సర్దుకోవడం గురించి వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం డబ్బాల గురించే. ఏ సైజు కొనాలి, ఏ రంగు లేబుల్ అంటించాలి, మూతకి క్లిప్పులుండాలా అక్కర్లేదా అని. మూత బిగుతుగా ఉంటే శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం పప్పుల డబ్బాల నుంచి వచ్చింది. పప్పు పొడి సరుకు, దానికి మూత మేలే చేస్తుంది. చొంగ పట్టిన రబ్బరు అలా కాదు. బయటి తేమ లోపలికి రాకుండా ఆపే మూత, లోపలి తేమను బయటికి పోకుండా కూడా ఆపుతుంది.

చొంగలో ఉన్నది నీళ్లు మాత్రమే కాదు. జిగురుగా ఉండే ప్రోటీన్లుంటాయి, తిన్న తిండి తుంపులుంటాయి, నోట్లో సహజంగా ఉండే బాక్టీరియా ఉంటుంది. ఈ జిగురు బొమ్మ మీద పలచని పొరలా అతుక్కుంటుంది. ఆ పొరలో బాక్టీరియా స్థిరపడి, తన చుట్టూ తానే ఒక జిడ్డు కవచం కట్టుకుంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని బయోఫిల్మ్ అంటారు. కడిగిన బొమ్మ కూడా చేతికి జారుడుగా తగిలితే అది వదల్లేదని అర్థం. నీళ్ల కింద పెట్టి తీసేస్తే పోదు. రుద్దితేనే పోతుంది.

2011లో అమెరికాలోని ఎన్ఎస్ఎఫ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 22 కుటుంబాల ఇళ్లలో 30 రకాల వస్తువుల మీద సూక్ష్మజీవులను పరీక్షించింది. గిన్నెలు తోమే స్పాంజి మొదటి స్థానంలో నిలిచింది. పెంపుడు జంతువు తిండి గిన్నె నాలుగోది. వాటి బొమ్మలు కూడా మొదటి పదిలో చోటు సంపాదించాయి. ఈ ఫలితాన్ని పట్టుకుని భయపెట్టే రాతలు చాలా వచ్చాయి. 22 ఇళ్లు పెద్ద లెక్క కాదు. సూక్ష్మజీవుల సంఖ్య ఎక్కువున్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనీ కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు తమ ఇంటి కుక్క బొమ్మ వల్ల జరిగే హాని సాధారణంగా తక్కువే. జాగ్రత్త ఎవరికంటే, పాకే వయసు పిల్లలకు, కీమోథెరపీ తీసుకుంటున్న వాళ్లకు, ప్లీహం తీసేసిన వాళ్లకు. కుక్కల నోట్లో మామూలుగా ఉండే కాప్నోసైటోఫాగా అనే బాక్టీరియా ఇలాంటి వాళ్లలో అరుదుగానైనా ప్రాణం మీదికి తెస్తుంది. అది ఎక్కువగా కాటు వల్ల, పుండు మీద నాకడం వల్ల వచ్చేదే తప్ప బొమ్మ వల్ల కాదు. అయినా చొంగ తడి ఆరని బొమ్మను వాళ్లకు దూరంగా ఉంచడం తేలిక పని. మన దగ్గర ఎక్కువమంది అడిగేది రేబిస్ సంగతి. ఆ వైరస్ ఎండకు, ఆరిపోవడానికి, సబ్బుకు త్వరగా చచ్చిపోతుంది. టీకాలు సక్రమంగా వేయించిన ఇంటి కుక్క బొమ్మల విషయంలో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

లోపల నీళ్లు దాచుకునే బొమ్మలు

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేవి కీచుబొమ్మలు, లోపల డొల్లగా ఉండే రబ్బరు బొమ్మలు. కీచుబొమ్మకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. కుక్క కొరికి వదిలినప్పుడల్లా ఆ రంధ్రం గాలితో పాటు చొంగను కూడా లోపలికి పీలుస్తుంది. బకెట్లో నానబెట్టి కడిగితే మురికి నీళ్లనూ పీలుస్తుంది. బయట తుడిచినా లోపలి తడి అక్కడే ఉండిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని ఎవాగ్, ఈటీహెచ్ జ్యూరిక్ సంస్థలు, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కలిసి 2018లో పిల్లల స్నానాల తొట్టి బాతుబొమ్మలను కోసి చూశాయి. లోపలి గోడల మీద దట్టమైన బయోఫిల్మ్ కనిపించింది. పరీక్షించిన బొమ్మల్లో 80 శాతం దాకా జబ్బు కలిగించగల బాక్టీరియా ఉంది. మెత్తని ప్లాస్టిక్ నుంచి ఊరే కార్బన్ పదార్థాలే వాటికి తిండి అని, స్నానం చేసే మనిషి ఒంటి నుంచి వచ్చే నత్రజని, భాస్వరం మిగతా లోటు తీరుస్తాయని ఆ పరిశోధన తేల్చింది. అది కుక్కబొమ్మల మీద చేసిన పరీక్ష కాదు. కానీ మెత్తని ప్లాస్టిక్, చిన్న రంధ్రం, లోపల ఆరని తడి అనే మూడూ ఇక్కడా ఉన్నాయి. పైగా ఇక్కడ పోషకాలు చొంగ రూపంలో నేరుగా అందుతున్నాయి.

అందుకని కీచుబొమ్మను ముంచి కడగకూడదు. రంధ్రాన్ని వేలితో మూసి, సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో పైన రుద్ది, కడిగి, రంధ్రం కిందికి ఉండేలా నొక్కి నొక్కి లోపలున్నది కార్చేయాలి. నొక్కినప్పుడు నల్లటి పొలుసులు బయటికి రాలితే దాన్ని కాపాడే ప్రయత్నం మానేయడమే మంచిది.

డొల్ల రబ్బరు బొమ్మల కథ వేరు. ముంచి కడగొచ్చు, బ్రష్షు లోపలికి పోతుంది. అయితే వాటిలో తిండి కూరుతారు. పరాయి దేశాల్లో వేరుశనగ వెన్న కూరితే, మన ఇళ్లలో పెరుగన్నం, ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు కూరి ఫ్రీజర్లో పెట్టి ఇస్తారు. కుక్క నాలుక అందని మూలలో నాలుగు మెతుకులు మిగిలిపోతాయి. ఆ బొమ్మ రాత్రి అల్మారాలోకి వెళితే తెల్లారేసరికి పులుస్తుంది, ఎండాకాలంలో అంతకంటే ముందే. పైగా ఆ వాసనకు చీమలు, బొద్దింకలు, వాటి వెనకే ఎలుకలు. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కలకూ మనుషులకూ సోకుతుంది. దాని బాక్టీరియా తడిలోనే బతుకుతుంది, ఆరితే చస్తుంది. పసిపిల్లల పాల సీసాలు కడిగే పొడుగాటి బ్రష్షు ఈ బొమ్మలకు సరిగ్గా సరిపోతుంది, విడిగా కొనిపెట్టుకోవాలంతే. తిండి కూరే బొమ్మలను మిగతా వాటితో కలపకుండా, వంటింటి గట్టు మీద గిన్నెలతో పాటే బోర్లించి ఆరబెట్టడం మంచి పద్ధతి.

బట్ట బొమ్మలు చూడ్డానికి ఆరినట్టే ఉంటాయి, మోసం లోపలి పాలిస్టర్ దూదిలో ఉంటుంది. పైబట్ట గంటల్లో ఆరిపోతుంది. దూది మధ్యలో చెమ్మ మర్నాటికి కూడా ఉండొచ్చు. రెండు చేతుల మధ్య గట్టిగా అదిమి, చెంపకు ఆనించి చూస్తే చల్లదనం తెలుస్తుంది. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. వాషింగ్ మెషీన్లో 60 డిగ్రీల వేడి నీళ్ల సెట్టింగ్ మీద ఉతికితే ధూళి పురుగులు కూడా చస్తాయి. బొమ్మను బట్టల జాలీ సంచిలో వేసి ఉతికితే కళ్లు, గుండీలు ఊడి మెషీన్లో పడవు. తాడు బొమ్మలను మైక్రోవేవ్‌లో పెట్టి సూక్ష్మజీవులను చంపమని కొందరు చెబుతుంటారు. తాడు ఎండిన చోట మాడి మంటలు లేవొచ్చు, వద్దు.

పాత చీర చింపి జడలా అల్లిన తాడుకు ఖర్చు లేదు, ఉతకడం తేలిక, ఎండలో త్వరగా ఆరుతుంది. పాత సాక్సు మాత్రం పెట్టకపోవడమే మేలు. పాత సాక్సుకూ కొత్త సాక్సుకూ తేడా కుక్కకు ఎవరూ చెప్పలేరు. టెన్నిస్ బంతి పైన ఉండే నూగు ఇసుకను పట్టుకుని గరుకు కాగితంలా పళ్లను అరగదీస్తుంది, కాబట్టి మట్టిలో ఆడిన బంతిని దులపకుండా లోపల పెట్టకూడదు. మట్టిలో మరో చిక్కూ ఉంది. వీధికుక్కలు తిరిగే ఖాళీ స్థలాల్లో టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లు ఉండే అవకాశం ఉంది. వాటి పెంకు జిగురుగా ఉంటుంది, మామూలు క్రిమిసంహారక మందులకు లొంగదు. సబ్బుతో రుద్ది వదిలించుకోవాలి.

అల్మారా లోపలి గాలి

బూజుకు కావలసింది తేమ. ఇంట్లో గాలిలో సాపేక్ష తేమ 60 శాతం లోపు ఉంచాలన్నది అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చే సలహా. విశాఖలో, కాకినాడలో వానాకాలంలో ఆ సంఖ్య 80 దాటడం మామూలే. ఏసీ లేని గదిలో, మూసిన అల్మారాలో, అదీ బాత్రూమ్ గోడకు ఆనుకుని కట్టిన అల్మారాలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. హైదరాబాదు ఎండాకాలంలో పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు ఏప్రిల్‌లో చేసుకున్న అలవాటు ఆగస్టులో దెబ్బ తీస్తుంది. ఇనప బీరువా అయితే రాత్రి చల్లబడి లోపలి గోడల మీద చెమ్మ పడుతుంది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు కబోర్డులైతే ఆ తడిని పీల్చి ఉబ్బుతాయి, ఒకసారి బూజు పట్టిన చెక్క అర నుంచి దాన్ని పూర్తిగా వదిలించడం కష్టం.

కాబట్టి బొమ్మలకు అర ఎంచుకునేటప్పుడు ఖాళీ ఎక్కడుంది అన్నది రెండో ప్రశ్న. చెమ్మ ఎక్కడ లేదు అన్నది మొదటిది. బాత్రూమ్ వైపు గోడ, సింకు కింది గూడు, ఏసీ నీళ్ల పైపు పోయే మూల పనికిరావు. అటక మీద పెడితే చెమ్మ ఉండదు గానీ స్లాబు వేడికి మెత్తటి పీవీసీ బొమ్మలు జిడ్డు కారుస్తాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్లు బయటికి ఊరుతున్నాయన్న మాట. అలా జిగటగా మారిన బొమ్మ మళ్లీ కుక్క నోటికి చేరకూడదు. చెప్పుల స్టాండు సంగతి చెప్పనక్కర్లేదు, వీధంతా తొక్కి వచ్చిన చెప్పుల పక్కన నోట్లో పెట్టుకునే వస్తువు ఏమిటి?

మూత డబ్బాల కన్నా కూరగాయలకు వాడే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట మేలు. వెదురు బుట్ట గాలి ఆడుతుంది, కానీ కడిగితే త్వరగా ఆరదు, పైగా చాలా కుక్కలు బుట్టనే బొమ్మ అనుకుంటాయి. బుట్టను అర అడుగున కాకుండా చిన్న పీట మీద, వెనక గోడకు తగలకుండా పెడితే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. తలుపుకు జాలీ ఉంటే సరే, లేకపోతే వానాకాలంలో రోజూ కొంతసేపు తెరిచి ఫ్యాను వేయాలి.

తేమ పీల్చే పొట్లాల గురించి ఒక హెచ్చరిక. తెల్ల సిలికా జెల్ పెద్దగా విషం కాదు, మింగితే గొంతుకు అడ్డుపడొచ్చు. రంగు మారే నీలం గింజల్లో మాత్రం కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషమే. బట్టల అల్మారాలకని అమ్మే తేమ డబ్బాల్లో ఉండేది కాల్షియం క్లోరైడ్. అది తేమ పీల్చి అడుగున ఉప్పు నీళ్లలా చేరుతుంది, ఒలికితే చర్మాన్ని, నోటిని మండిస్తుంది. బొమ్మలున్న అరలో దీన్ని పెట్టాల్సి వస్తోందంటే ఆ అర సరైంది కాదు.

ఇక తెలుగు ఇళ్ల అల్మారాల్లో తప్పకుండా కనిపించేవి కలరా ఉండలు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోవాలి. వాటిలో ఉండే నాఫ్తలీన్ గది ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని బట్ట, ప్లాస్టిక్, రబ్బరు పీల్చుకుంటాయి. కుక్క ఒక ఉండను మింగితే అది కడుపులో మెల్లగా కరుగుతూ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పిల్లులు దానికి ఇంకా సున్నితం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిపిల్లలకు కలరా ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావడం వైద్యులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. నోట్లో పెట్టుకుని నమిలే బొమ్మలను ఆ వాసనలో దాచడంలో అర్థం లేదు. బదులుగా కర్పూరం పెడదామనుకుంటే అదీ కుక్కలకు, పిల్లులకు విషమే. చీమల కోసం గీసే మందు సుద్దముక్కలో ఉండేవి పైరెత్రాయిడ్ రసాయనాలు, పిల్లులు వాటిని తట్టుకోలేవు. బొమ్మల అరలో ఏ మందూ పెట్టకుండా చీమలను దూరంగా ఉంచే మార్గం ఒక్కటే, తిండి వాసన లేని పొడి బొమ్మలను పెట్టడం.

కడిగే మందుల దగ్గరా ఇదే చిక్కు. నల్ల ఫినాయిల్‌లో తారు నుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలు ఉంటాయి, డెటాల్‌లో క్లోరోక్సిలినాల్ ఉంటుంది. ఈ రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఘాటైన వాసన వస్తేనే శుభ్రమైందనుకునే అలవాటు పిల్లి ఉన్న ఇంట్లో ప్రమాదం. రోజువారీ కడగడానికి గిన్నెల సబ్బు, గోరువెచ్చటి నీళ్లు చాలు. జంతువుకు జబ్బు చేసినప్పుడు మాత్రం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్ ద్రావణం) అవసరపడుతుంది. సుమారు 5 శాతం గాఢత ఉన్న దాన్ని లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ముందే సబ్బుతో తోమిన బొమ్మను 10 నిమిషాలు ముంచి, తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్లతో జాడించాలి. తోమకుండా ముంచితే మురికే ఆ క్లోరిన్‌ను తినేస్తుంది. వెనిగర్ కలిపితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. కలిపిన నీళ్లను మర్నాటికి దాచుకోవడం దండగ, బలం తగ్గిపోతుంది.

అన్నీ కడిగేస్తే కుక్కకేం మిగులుతుంది

శుభ్రత గురించి రాసేవాళ్లు పట్టించుకోని కోణం ఒకటుంది. బొమ్మ మీది వాసన కుక్కకు బొమ్మలో భాగం. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ ఇస్తే కుక్కలు త్వరగా విసిగిపోయాయి. రంగో వాసనో మారిన మరో బొమ్మ ఇవ్వగానే ఆసక్తి తిరిగొచ్చింది. అంటే కడగడం వల్ల పాత బొమ్మ కొంతవరకు కొత్తదవుతుంది, ఆసక్తి పెరగొచ్చు. అదే సమయంలో భయస్థురాలైన కుక్కకు తన వాసన నిండిన బట్ట బొమ్మే ధైర్యం. దాన్ని, మిగతా అన్నిటినీ ఒకే రోజు ఉతికేయకుండా వంతులవారీగా ఉతకాలి. వాసన సబ్బులు, కంఫర్ట్ లాంటి మృదుకారులు దేనికీ వాడకూడదు.

అల్మారా నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కొన్ని బొమ్మలు బయట, మిగతావి లోపల. వారం పది రోజులకోసారి మార్పిడి. బయటివి లోపలికి వెళ్లేముందు ఉతుకుడు, ఆరుడు ఎలాగూ జరుగుతాయి కాబట్టి శుభ్రత దానంతటదే నడుస్తుంది. మాసిన బట్టలకో బుట్ట, ఉతికిన బట్టలకో అర ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే, ఆడిన బొమ్మలకు బయట చిల్లుల బుట్ట, ఆరిన వాటికి లోపల అర. ఇంతకుమించి వర్గీకరణ అక్కర్లేదు. లేబుళ్లు ఎవరికంటే జాన్ పిల్లీ లాంటి వాళ్లకు. అమెరికాలోని సౌత్ కరోలినాకు చెందిన ఈ మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఛేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకు 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. ఛేజర్‌కు అన్నీ గుర్తున్నాయి గానీ ఆయనకు గుర్తుండక ప్రతి బొమ్మ మీదా పేరు రాసుకోవాల్సి వచ్చింది.

కొన్ని బొమ్మలు మాత్రం శుభ్రత కోసం కాదు, ప్రాణ రక్షణ కోసం తలుపు వెనక ఉండాలి. దారం, రిబ్బను కట్టిన పిల్లి కర్రలు అలాంటివి. పిల్లి నాలుక మీది ముళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మేయలేదు, మింగుతూనే ఉంటుంది. ఆ దారం పేగులను ముడతలు పెట్టి కోసేస్తుంది, ఆపరేషన్ తప్ప దారి ఉండదు. పోగులు ఊడుతున్న తాడుతో కుక్కకూ ఇదే ప్రమాదం. లేజర్ బొమ్మల్లోని గుండీ బ్యాటరీలు మరీ ప్రమాదం, గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే రంధ్రం చేస్తాయి. వీటికి పై అర, పిల్లలు తెరవలేని గడియ ఉండాలి. పిల్లులు వాసనకు మైమరచిపోయే క్యాట్‌నిప్ ఆకు నింపిన బొమ్మలు ఒక్కటే గాలి చొరని గాజు సీసాలో ఉండదగ్గవి, ఎందుకంటే ఆ ఆకులోని నూనె ఆవిరైతే పిల్లి దాని వంక కూడా చూడదు. అవి కూడా పూర్తిగా పొడిగా ఉంటేనే.

పసిపిల్లల బొమ్మలతో కలిపి ఒకే బుట్టలో పెట్టకూడదనడానికి చొంగ ఒక కారణం, రెండోది చట్టం. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. కుక్కబొమ్మలు ఆ ఉత్తర్వు పరిధిలోకి రావు. వాటి రంగుల్లో సీసం ఎంత, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ఎంత అని అమ్మేవాడు చెప్పాల్సిన పని లేదు. పిల్లాడి చేతికి కుక్కబొమ్మ రావడం, కుక్క నోటికి పిల్లాడి బొమ్మ కళ్లు, గుండీలు రావడం రెండూ మంచివి కావు.

చివరగా, ఇంట్లో జబ్బు వచ్చి వెళ్లిన తర్వాత. గజ్జి అని పొరబడే మైక్రోస్పోరం తామర బీజాలు అరల మూలల్లో, బట్ట బొమ్మల్లో ఏడాది దాటి బతుకుతాయి. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ కూడా నెలల తరబడి ఉంటుంది, సబ్బుకు చావదు. పార్వోతో పోయిన కుక్కపిల్ల బొమ్మలను పారేయడానికి మనసొప్పక అల్మారాలో దాచిపెట్టి, తర్వాత తెచ్చిన పిల్లకు ఇవ్వడం మాత్రం చేయకూడదు. బట్టవి, తాడువి, పగుళ్లున్నవి మూట కట్టి పారేయాలి. నున్నటి గట్టి రబ్బరువి హైపోక్లోరైట్‌లో ముంచితే పనికొస్తాయి. అరను కూడా అదే నీళ్లతో తుడవాలి. చెక్క అరైతే తుడిచినా నమ్మకం లేదు, అక్కడ పరిచిన కాగితం తీసేసి ఆ అరను వేరే సామానుకు వాడుకోవాలి. కొత్త పిల్లను, సుమారు 16 వారాల వయసు వరకూ నడిచే టీకాలన్నీ పూర్తయ్యాకే ఆ గదిలోకి రానివ్వాలి.